ఇంట సబ్బుపొడి చేసికొనుట

(మన పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలిచినచో పరీక్షా ఫలితములను గురించియో, పిల్లల హాజరును గురించియో మాటాడునని మీరు తలంచుట సహజము. ఆ సంగతులన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చియున్నవి. నేడు మేము సబ్బుపొడిని గురించి కొంతసేపు మాటాడదలచితిమి. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది, మీ అందరి యిండ్లలోను దినదినము జరుగు పని యిది. రెండవది, ఈ విషయమున మా వలన ఒక పొరపాటు జరిగినది. దానిని మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

సంగతి యిట్లు మొదలయ్యెను. ఎనిమిదవ తరగతిలో కఠినజలమును గూర్చిన పాఠము జరుగుచుండగా ఒక బాలిక లేచి, “సార్, మా వీధి బోరు నీళ్లలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. తెల్ల చొక్కా ఉతికినకొద్దీ మాసినట్టు అవుతోంది. ఎందుకని?” అని అడిగినది. పుస్తకములోని ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము. ఇంటినుండి వచ్చిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మేము మరునాటివరకు గడువు కోరితిమి.

సమాధానము ఇది. వాననీరు భూమిలోనికి దిగునప్పుడు రాళ్లలోను, మన్నులోను ఉన్న సున్నపు లవణములను, మెగ్నీషియము లవణములను కరగించుకొనును. సబ్బు ఆ లవణములతో కలిసిన వెంటనే నీట కరగని జిడ్డుముద్దగా మారును. బకెట్టు అంచున తెట్టెగా పేరుకొనునది అదియే. చొక్కా నేతలో చిక్కుకొని బూడిదరంగు తెచ్చునదియు అదియే. ఆ లవణములు తమ పాలు సబ్బును హరించిన పిదపగాని మురికిని వదల్చుటకు సబ్బు మిగులదు.

ఎంత సబ్బు ఇట్లు వ్యర్థమగునో పిల్లలచేతనే లెక్క కట్టించితిమి. త్రాగునీటికి భారతీయ ప్రమాణముల సంస్థ విధించిన నిబంధనలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతింపవచ్చుననియు ఉన్నది. లెక్క కొరకు 300 అనుకొందము. పది లీటర్ల నీటిలో 3 గ్రాముల కాఠిన్యము ఉండును. ఒక్కొక్క గ్రాము సుమారు 6 గ్రాముల సబ్బును పాడుచేయును. కావున బట్టను తాకకమునుపే 18 గ్రాముల సబ్బు నీటిపాలగును. అదే నీటిలో 3 గ్రాములకు కొంచెము మించి చాకలిసోడా వేసినచో అది సున్నమును తెల్లని పొడిగా అడుగునకు దింపివేయును. మెగ్నీషియము అంత సులభముగా లొంగదు గనుక సోడా కొంచెము హెచ్చుగా పట్టును. ఐనను ఖరీదైన సబ్బుచేత చేయించుచున్న పనిని చవుకైన సోడాచేత చేయించవచ్చునని ఎనిమిదవ తరగతి పిల్లలు తమ లెక్కలోనే కనుగొనిరి.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. అంగడి సబ్బు పల్లెలకు రాకమునుపు రజకులు చౌడుమన్ను తెచ్చి, ఆ నీటిలో బట్టలు నానబెట్టి, బానమీద ఉబ్బకు పెట్టి, రేవులో ఉతికి, ఎండలో ఆరవైచి చలువచేసెడివారు. చౌటినేలపై వేసవిలో తెల్లగా పొంగు ఉప్పులో ఈ సోడాయే కలిసియుండును. ఏ పుస్తకమును చదువకయే ఆ గుణమును కనుగొన్న వృత్తివారి పేరుననే నేటికిని మనము దానిని చాకలిసోడా అనుచున్నాము. ఈ నగరమునందలి వాషర్‌మన్‌పేట పేరు కూడ ఆ వృత్తివారిదే. కుంఫిణీవారు సముద్రముమీద పంపిన నూలుబట్ట మగ్గమునుండి దిగినట్లే ఓడ నెక్కినది కాదు. ఉతికి, చలువచేసి, మడతపెట్టిన పిదపనే ఎక్కినది. 1734లో గవర్నరు మార్టన్ పిట్ కాలమున నేతపనివారి కొరకు చింతాద్రిపేట వెలసినది. ఆ బట్ట కీర్తిలో నేసినవారి చేతికెంత పాలు కలదో ఉతికినవారి చేతికిని అంత పాలు కలదు. ఈ సభలో ఆ వృత్తికి చెందిన కుటుంబములవారు ఉన్నారు. మేము నేడు చెప్పుచున్నది వారి తాతలనాటి విద్యయే.

ఇక మా పొరపాటు. సబ్బును, సోడాను కలిపి మనమే పొడి చేసికొనరాదా అని పిల్లలు అడిగిరి. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిననాటి నోటుపుస్తకమొకటి మా యొద్ద కలదు. అందులో చేతిపనుల శీర్షికక్రింద “సబ్బుతురుము 1 వంతు, చాకలిసోడా 2 వంతులు” అని వ్రాసియుండెను. దానిని నల్లబల్లపై వ్రాసితిమి. పిల్లలు 40 కాగితములపై నకలు తీసి ఇండ్లకు తీసికొనిపోయిరి. పాఠశాలలో ముందుగా చేసి, ఉతికి చూచిన తరువాత పంపవలసిన కాగితమును మేము చూడకయే పంపితిమి.

వారము గడవకమునుపే ఒక తల్లి మా గదికి వచ్చినది. నాలుగిండ్లలో అంట్లు తోమి, బట్టలుతికి సంసారము నడుపుకొను ఇల్లాలు. ఆమె రెండు అరచేతులును ఎఱ్ఱబారి, వ్రేళ్ల సందులలో చర్మము చిట్లియుండెను. కూతురి నీలిరంగు పావడ వెలిసిపోయియుండెను. ఆమె కోపపడలేదు. కొంగుముడి విప్పి కాగితము తీసి బల్లమీద పెట్టి, “మీరు రాసిచ్చినట్టే వేశాను సార్. నురగ చాల్లేదని ఇంకో గుప్పెడు వేశాను. నేనేమైనా తప్పు చదివానా?” అని అడిగినది. ఆమె మన పాఠశాలలోనే ఐదవ తరగతివరకు చదివిన మనిషి. ఇన్నేండ్లకు పాఠశాలనుండి తనకు చదువదగిన కాగితమొకటి తెలుగులో వచ్చినదని సంతోషించి, అక్షరము తప్పకుండ చేసినది. చదువుటలో తప్పు లేదు. వ్రాయుటలో ఉన్నది.

ఆమెను ముందు వైద్యశాలకు పంపితిమి. చేతులు మానుటకు కొన్ని దినములు పట్టెను. ఆ దినములలో ఆమె పనికి పోలేకపోయినది. ఆ కూలి నష్టమును పాఠశాల తీర్చినది. తీర్చినంతమాత్రమున తప్పు తీరిపోదు.

తప్పెక్కడ జరిగినదో పిల్లలతోకలిసి వెదకితిమి. మా నోటుపుస్తకమునాటి చాకలిసోడా కలకండవలె మెరయు పలుకులుగా దొరకెడిది. ఆ పలుకులలో తూకమున ఎక్కువ భాగము నీరే. నూరు గ్రాముల పలుకులలో 63 గ్రాములు నీరు, 37 గ్రాములు మాత్రమే సోడా. నేడు అంగడిలో పొట్లము కట్టి యిచ్చునది నీరులేని సోడా, అనగా సోడా యాష్ అను తెల్లని పొడి. అందులో దాదాపు అంతయు సోడాయే. ఒకే తూకమున ఇది పలుకులకంటె 2.7 రెట్లు బలమైనది. కాగితము 2 వంతులని చెప్పగా ఆ తల్లి చేతికి తగిలినది 5 వంతులకు పైబడిన సోడా! పలుకులను మూత లేకుండ ఉంచినచో అవియును నీటిని కోల్పోయి తెల్లని పొడిగా రాలును. కావున కంటితో చూచి ఇది ఏ సోడా యని చెప్పుట సాధ్యము కాదు.

ఇంతటితో ఆగక మేము అంగళ్లలో విచారించితిమి. సోడా యను ఒక్క మాటతో మూడు వస్తువులు అమ్ముడగుచున్నవి. మనము తినేసోడా యనునది ఇక్కడి తమిళ అంగడిలో ఆప్పసోడా. దానితో బట్టల పని అంతగా సాగదు. రెండవది చాకలిసోడా, అది కడుపులోనికి పోరాదు. మూడవది కాస్టిక్ సోడా. అది చర్మమును, కంటిని కాల్చివేయును. మూడును తెల్లనివే. మన పిల్లవాడు ఇంట తెలుగులో విని, అంగడిలో తమిళములో అడిగి, పొట్లముమీద ఇంగ్లీషులో చదువుకొనవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కచోట పేరు తప్పినను చేయి కాలును. పేరు సరిగా తెలియనిచో కొలత తెలిసియు ప్రయోజనము లేదని మాకు అప్పుడు బోధపడినది.

ఇప్పుడు సరిదిద్దిన కొలతను చెప్పుచున్నాము. దీనిని పాఠశాలలో పలుమారులు చేసి, మా సొంత చొక్కాలు ఉతికి చూచిన పిదపనే చెప్పుచున్నాము.

బట్టల సబ్బుతురుము 400 గ్రాములు. సోడా యాష్ పొడి 300 గ్రాములు. ఇవి తూకములు. గ్లాసులతోను, గరిటెలతోను కొలువరాదు. తురుము గుల్లగా ఉండును, సోడా ఒత్తుగా ఉండును.

సబ్బు నూనెతో చేసిన అసలు సబ్బే కావలెను. కాగితముమీద డిటర్జెంట్ అని ఉన్న బిళ్లను తురుమరాదు. దానిలో సోడాయు, ఇతర పొడులును ముందే కలిసియుండును. మన లెక్క తప్పును. కొబ్బరినూనె పాలు హెచ్చుగా ఉన్న సబ్బు దొరకినచో మరియు మేలు. అది ఉప్పునీటిలో సైతము నురుగునిచ్చునని ఓడవారు దానినే వాడెడివారు. సముద్రపుటొడ్డున ఉప్పుబోర్లతో కాపురము చేయు మనకు అది తగినది.

సబ్బుబిళ్లను రెండు మూడు దినములు నీడలో గట్టిపడనిచ్చి, కొబ్బరి తురుముకొను పనిముట్టు కాక వేరొక తురుముపీటతో తురుమవలెను. తురుమును ఒక దినము నీడలో పరచి, చేతితో నలిపిన విరుగునట్లు ఆరిన పిదప సోడా కలుపవలెను. కలుపునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, గాలి ఆడుచోట కూర్చుండవలెను. మిక్సీలో వేయవద్దు; ఆ సన్నని ధూళి గొంతునకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. అల్యూమినియము గిన్నె తగదు. సోడా దానిని తినును. ప్లాస్టిక్కు తొట్టియో, స్టీలు గిన్నెయో చాలును.

పది లీటర్ల నీటికి 20 గ్రాముల పొడి చాలును. చల్లని నీటిలో తురుము త్వరగా కరగదు గనుక ముందుగా ఒక చెంబెడు వేడినీటిలో కరగించి, పిదప బకెట్టులో పోయవలెను. బోరునీరైనచో ఆ నీటిలో 3, 4 గ్రాముల సోడాను ముందే వేసి, పది నిమిషములు ఆగి, తరువాత సబ్బునీరు పోయుడు. నురుగు చాలలేదని పొడి పెంచవద్దు. నురుగు వేరు, మురికి వదలుట వేరు.

ఇది నూలుబట్టలకు తగినది. పట్టుకును, ఉన్నికిని తగదు. పట్టుచీరకు కుంకుడుకాయ రసమే మేలు. ఇక్కడి నాటుమందుల అంగడిలో పూందిక్కొట్టై అని అడిగిన ఇచ్చెదరు. అద్దకపు రంగుబట్టను ముందు ఒక మూల తడిపి పరీక్షింపవలెను. ఉతుకు యంత్రములలో కఠినజలముతో ఈ పొడిని వాడినచో సబ్బుతెట్టె లోపల పేరుకొనును. ఆ యంత్రములున్నవారు వాటికి తగిన పొడినే కొనుటయే ఉచితము. చేతులతో ఉతుకువారు పని ముగిసిన వెంటనే మంచినీటితో కడుగుకొని కొంచెము కొబ్బరినూనె రాచుకొనవలెను. చర్మము చిట్లియున్నవారు తొడుగులు లేకుండ ముట్టరాదు.

కొందరు వెలిగారము కూడ కలుపుదురు; తమిళమున దానిని వెంకారము అందురు. పసిపిల్లలున్న యిండ్లలో దానిని ఉంచుట మాకు సమ్మతము కాదు గనుక వదలివేసితిమి. నూనెను, కాస్టిక్ సోడాను కలిపి సబ్బునే ఇంట వండవచ్చునా యని కొందరు తండ్రులు అడిగిరి. వంటింటిలో వలదని మా సమాధానము. ఆ విద్య నేర్చుకొనవలసినదే గాని, తగిన స్థలములో, తెలిసినవారి యెదుట నేర్చుకొనవలెను. 1914లో నాటి మద్రాసు ప్రభుత్వము కోళిక్కోడులో సబ్బు సంస్థను నెలకొల్పినది అందుకే.

పొడిని మూత గట్టిగా ఉండు డబ్బాలో పోసి, పైన తెలుగులోను, తమిళములోను పేరు వ్రాసి, ఒక చొక్కా బొమ్మ వేసి అంటింపుడు. ఉప్పుడబ్బా ఉన్న వరుసలో పెట్టకుడు. కంటిలో పడినచో పదునైదు నిమిషములు పారునీటితో కడిగి వెంటనే వైద్యశాలకు పోవలెను. మ్రింగినచో వాంతి చేయింపక తీసికొనిపోవలెను.

ఇంత శ్రమ దేనికి, అంగడిలో పొడి దొరకుచున్నది గదా యని మీరు అనవచ్చును. కొనుట తప్పు కాదు. మన దేశమున సర్ఫ్ 1959లో వచ్చినది. 1969లో అహమ్మదాబాదున కర్సన్‌భాయి పటేలు అను ప్రభుత్వోద్యోగి, రసాయనశాస్త్రము చదివినవాడు, తన ఇంటి పెరటిలో పొడి కలిపి, సైకిలుమీద వీధివీధి తిరిగి అమ్మెను. ప్రసిద్ధమైన పొడి ధరలో సుమారు నాల్గవ వంతుకే ఇచ్చెను. అదియే నిర్మా. పెద్ద పరిశ్రమ యైన ఆ పొడికిని మొదలు ఒక యిల్లే. కాని ఆయన చేతికి ముందు శాస్త్రము వచ్చినది, పిదప తొట్టి వచ్చినది. మేము ఆ వరుసను తలక్రిందులు చేసితిమి.

అంగడి పొడులలో మురికి వదల్చునది సబ్బు కాదు. కిరోసిను నుండియు, బెంజీను నుండియు చేయు రసాయనము. దానికి మూలపదార్థము మన నగరమునకు ఉత్తరమున మణలిలోని తమిళనాడు పెట్రోప్రాడక్ట్స్ వారి కర్మాగారమునందే తయారగుచున్నది. అది కఠినజలములో ముద్దకట్టదు. ఆ గుణము సబ్బుకు లేదు. ఈ మాట చెప్పకుండ ఇంటిపొడిని మాత్రమే పొగడుట న్యాయము కాదు. ఐతే ఏ పొడియైనను మితము మీరినచో పోవు చోటొకటి కలదు. 2019 డిసెంబరులో ఈ నగరపు సముద్రతీరమున పట్టినపాక్కము మొదలుకొని తెల్లని నురుగు మోకాలెత్తున పేరుకొనినది. శుద్ధిచేయని మురుగునీటితో కలిసి వచ్చిన సబ్బుపదార్థములు అందుకు కారణములని చెప్పిరి. పిల్లలు అందులో దిగి ఆడుకొనుచుండగా తీసిన ఛాయాచిత్రములు లోకమంతయు చూచినది. ఆ నురుగులో మన బకెట్ల పాలు కొంతయైనను లేదని ఎవరు చెప్పగలరు? ఆ యేడే జూను నెలలో పూండి, చోళవరము, ఎఱ్ఱకొండల చెరువు, చెంబరంబాక్కము ఎండిపోగా మనము బిందెలతో లారీల వెనుక పరుగెత్తితిమి. పొడి ఎక్కువైనకొద్ది జాడించుటకు నీరెక్కువ కావలెను. కొలిచి వేసినవాడు డబ్బునే కాక నీటిని కూడ మిగుల్చును.

1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని బోధించినప్పుడు, ఆ చదువు మాతృభాషలో ఉండవలెననియు బోధించెను. ఈ రెండు మాటలు కలిసియే ఎందుకుండవలెనో మేము పుస్తకములలో చదివియుంటిమి. ఆ తల్లి చేతులు చూచినపుడు గాని తెలియలేదు. మన మాధ్యమములో చేరు పిల్లల సంఖ్య ఏటేట తగ్గుచున్నది. తెలుగు చదివి ఏమి ప్రయోజనమని మీలో కొందరు మమ్ములను అడుగుచున్నారు. మీ పిల్లలు తమిళము చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషు నేర్వవలెను. అందులో మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని తల్లి చదువగల కాగితము ఇంటికి పంపగల పాఠశాల ఒకటి ఉండవలెను. ఆ కాగితములోని ప్రతి మాటకు పాఠశాల పూచీపడవలెను. మేము పంపిన కాగితమును ఆమె నమ్మినది. ఆ నమ్మకము ఎంత విలువైనదో, దానిని ఎంత అజాగ్రత్తగా వాడితిమో నేడు మీకు విన్నవించితిమి.

ఇకమీదట ఈ పాఠశాలనుండి ఇంటికి పోవు ఏ విధానపత్రమైనను ముందుగా ఇక్కడ చేసి చూచి, ఇద్దరు ఉపాధ్యాయులు చదివి, వస్తువుల పేర్లు తెలుగులోను, తమిళములోను వ్రాసిన పిదపనే పోవును. వచ్చు శనివారము ఎనిమిదవ తరగతివారు నీటిపరీక్ష చేసి చూపెదరు. మీ వీధి నీటిని ఒక సీసాలో తెండు. అందులో చిటికెడు సబ్బుతురుము వేసి కుదిపిన, నురుగు నిలుచునో పెరుగువలె విరుగునో మీరే చూడవచ్చును. ఆ తల్లి కూడ వచ్చుటకు ఒప్పుకొనినది. తూకము వేయు పని ఆమెయే చూచును.

చివరిమాట యొకటి. మేము పంపిన 40 కాగితములలో 36 తిరిగి వచ్చినవి. 4 రాలేదు. “చాకలిసోడా 2 వంతులు” అని ఉన్న కాగితము మీ యింట గోడకు గాని, డబ్బాలో గాని ఉన్నచో నేటి రాత్రియే చింపివేయుడు. దానితో చేసిన పొడి మిగిలియున్నచో పాఠశాలకు తెండు. సరియైన తురుము కలిపి, కొలత సరిచేసి ఇచ్చెదము.

సెలవు.